కృత్రిమ మేధలో పక్షపాతం

కృత్రిమ మేధలో పక్షపాతం అనగా కంప్యూటరు వ్యవస్థలు చేసే పొరపాట్లు అందరిపైనా సమానంగా కాక, కొన్ని వర్గాల ప్రజలపైనే ఎక్కువగా పడటం. దీనికి ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు. వ్యవస్థకు అందించిన సమాచారం అసంపూర్ణమైనా, ఏ పొరపాటును పట్టుకోవాలన్న లక్ష్యం ఏకపక్షమైనా ఇది ఏర్పడుతుంది. తెలంగాణలోని సమగ్ర వేదిక ఇందుకు భారతదేశంలో విస్తృతంగా చర్చకు వచ్చిన ఉదాహరణ.

కారణాలు

2018లో జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ ప్రచురించిన అధ్యయనంలో, ముఖచిత్రాన్ని బట్టి స్త్రీయో పురుషుడో చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థలను పరీక్షించారు. ముదురు చర్మపు స్త్రీల విషయంలో పొరపాట్లు 34.7% వరకు ఉండగా, లేత చర్మపు పురుషుల విషయంలో 0.8% మించలేదు. శిక్షణకు వాడే చిత్రాలలో కొన్ని వర్గాలవారు తక్కువగా ఉండటం ఇటువంటి తేడాలకు ముఖ్య కారణం.

సమగ్ర వేదిక

వివిధ ప్రభుత్వ శాఖల రికార్డులను పోల్చి, అవి ఒకే వ్యక్తివా కావా అని నిర్ణయించే వ్యవస్థ ఇది. పేరు, చిరునామా వంటి వివరాల పోలికపై ఆధారపడుతుంది. తెలుగునాట ఒకే పేరును ఆంగ్ల లిపిలో పలు విధాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒక పత్రంలో పూర్తిగా, మరొక దానిలో పొడి అక్షరంగా ఉంటుంది. ఒకే పేరు గలవారు అనేకులు ఉంటారు. కావున ఒకరి కారు మరొకరి పేరున లెక్కకు రావచ్చును. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి ఈ విధంగానే కారు ఉన్నట్లు నమోదై, రేషను అందలేదు.

2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంపై, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే సంవత్సరం జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తులలో 15,471 మంది అర్హులని తేలింది. అనగా సుమారు 7.5%.

అనర్హులను ఏరివేయడం ఈ వ్యవస్థ ఉద్దేశం. అర్హులు తొలగిపోతే దానంతట అది గుర్తించదు. తాను పేదనని నిరూపించుకునే భారం కార్డు కోల్పోయినవారిపైనే పడుతుంది. పొరపాటు ఏ రికార్డులో జరిగిందో వారికి తెలియదు. పక్షపాతం ఇక్కడే ఉన్నదని విమర్శకుల వాదన.

ప్రజావగాహన

సమగ్ర వేదిక పనితీరు 2024 జనవరిలో అల్ జజీరా పరిశోధనాత్మక కథనంతో విస్తృతంగా తెలిసింది. అంతకుముందు 2021 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ హైదరాబాదులో ముఖ గుర్తింపు పరిజ్ఞానానికి వ్యతిరేకంగా ప్రచారం చేపట్టింది. కాలాపత్తర్, కిషన్‌బాగ్ ప్రాంతాలలో స్వచ్ఛంద కార్యకర్తలు వీధి కెమెరాలను లెక్కించి పటాలపై గుర్తించారు. ఈ పరిజ్ఞానంపై మసూద్ వేసిన మరొక వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది.

ఇటువంటి నిర్ణయాల వలన నష్టపోయినవారు ముందుగా అడగదగినవి మూడు: నిర్ణయానికి కారణమేమిటి, ఏ రికార్డు ఆధారం, అప్పీలు ఎవరికి చేసుకోవాలి. ప్రభుత్వ కార్యాలయాల నుండి ఈ వివరాలను సమాచార హక్కు చట్టం, 2005 కింద లిఖితపూర్వకంగా కోరవచ్చును.

ఇవి కూడా చూడండి

కృత్రిమ మేధస్సు
ప్రజా పంపిణీ వ్యవస్థ
సమాచార హక్కు చట్టం