రోగంలోంచి పుట్టిన మందు

మోనోక్లోనల్ యాంటీబాడీల కథ ఎవరు చెప్పినా 1975తోనే ఎత్తుకుంటారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఎలుక కణాలను కలిపి, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా తయారుచేసే హైబ్రిడోమాను సాధించారు. 1984లో నోబెల్ అందుకున్నారు. అంతా నిజమే. కానీ నేను అమెరికా ఆసుపత్రి ల్యాబులో రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే పని చేసినదాన్ని. నాకు అది సగంలోంచి మొదలుపెట్టిన కథలా అనిపిస్తుంది. మొదటి సగమంతా రోగుల రక్తంలో ఉంది. అందులో పెద్ద భాగం ఈ దేశంలోనే నడిచింది.

1939లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో లాంగ్స్‌వర్త్, అతని సహచరులు మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్ ఉన్న రోగి సీరాన్ని, ప్రోటీన్లను విద్యుత్తుతో విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్‌కి పెట్టారు. స్వీడన్‌కి చెందిన టిసేలియస్ అప్పటికి రెండేళ్ళ కిందటే చూపించిన పద్ధతి అది. మామూలు మనిషి సీరంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్లు వెడల్పుగా, పల్చగా పరుచుకుంటాయి. ఈ రోగిది సన్నగా, నిటారుగా పైకి లేచింది. డాక్టర్లు దాన్ని చర్చి శిఖరంతో పోలుస్తారు గానీ, నాకైతే ఎప్పుడూ గుడి ముందు ధ్వజస్తంభమే గుర్తొస్తుంది.

కారణం తర్వాతి దశాబ్దాల్లో తెలిసింది. ఎముక మూలుగలోని ఒక్కో ప్లాస్మా కణం ఒక్క రకం యాంటీబాడీనే చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లక్షల రకాలు కలగలిసి తిరుగుతుంటాయి కాబట్టి ఏ ఒక్కటీ తలెత్తి కనిపించదు. మైలోమాలో ఒకే కణం సంతానం అదుపు తప్పి పెరుగుతుంది, అన్నీ అదే ప్రోటీన్ పోస్తాయి. పరిశోధకులకు కావలసిందీ అదే. యాంటీబాడీ ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు శుద్ధంగా ఒక్క రకం దొరకాలి. అది ఆ రోజుల్లో రోగి దగ్గర తప్ప మరెక్కడా దొరకలేదు.

అదే రాక్‌ఫెల్లర్‌లో 1955లో హెన్రీ కుంకెల్ బృందం, మైలోమా ప్రోటీన్లు వింత పదార్థాలు కావు, మామూలు గామా గ్లోబ్యులిన్ల బంధువులేనని చూపించింది. 1962లో ఎడెల్‌మన్, గాలీ ఇంకో చిక్కుముడి విప్పారు. వేడిచేస్తే గడ్డకట్టి, మరిగిస్తే మళ్ళీ కరిగిపోయే ఒక ప్రోటీన్‌ని 1840లలో లండన్‌లో బెన్స్ జోన్స్ రోగి మూత్రంలో గమనించాడు. అది యాంటీబాడీలోని తేలిక గొలుసేనని వీళ్ళు తేల్చారు. 1969 నాటికి ఎడెల్‌మన్ బృందం ఒక మొత్తం యాంటీబాడీలో 1,300కి పైగా అమైనో ఆమ్లాల వరుస చదివేసింది. ఆ ప్రోటీన్ ఒక మైలోమా రోగిది. దాన్ని ‘ఈయూ’ అని పిలిచారు. ఈనాటికీ మందుల కంపెనీల్లో కొత్త యాంటీబాడీలో ఎక్కడ మార్పు చేశారో చెప్పాలంటే ఈయూ వరుస సంఖ్యలే వాడతారు. ఎడెల్‌మన్‌కి 1972లో నోబెల్ వచ్చింది. ఆ రోగికి ఈ రెండక్షరాలు మిగిలాయి.

బెథెస్డాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మైకేల్ పోటర్ మరో దారి పట్టాడు. బాల్బ్-సి జాతి ఎలుకల పొట్టలోకి మినరల్ ఆయిల్ ఎక్కిస్తే ప్లాస్మా కణాల కణితులు వస్తాయని 1962లో ప్రకటించాడు. ఇక శుద్ధ యాంటీబాడీ కోసం రోగి దొరికేదాకా ఆగక్కర్లేదు. పోటర్ ఆ కణితులను అడిగినవాళ్ళందరికీ ఇచ్చేవాడు. కేంబ్రిడ్జిలో వాడిన కణాలకు మూలం ఆయన కణితే, ఎంఓపీసీ-21. 1984లో లాస్కర్ బహుమతి కోలర్, మిల్‌స్టీన్‌లతో పాటు పోటర్‌కీ ఇచ్చారు. అదే ఏడు నోబెల్ జాబితాలో ఆయన పేరు లేదు. లాస్కర్ వాళ్ళకే కథ పూర్తిగా తెలుసని నా అభిప్రాయం.

మోనోక్లోనల్ యాంటీబాడీ మందులైతే వరసగా వచ్చాయి: 1986లో కిడ్నీ మార్పిడి రోగులకు ఓకేటీ3, 1997లో లింఫోమాకి రిటుక్సిమాబ్.

మళ్ళీ సీరంలో లేచే ఆ శిఖరం దగ్గరికొస్తే, ల్యాబు భాషలో స్పైక్ అనే అది అందరిలోనూ జబ్బు కాదు. అమెరికా చూద్దామని వచ్చిన తల్లిదండ్రులకు ఏదో పరీక్ష చేయిస్తే ఇది బయటపడుతుంది. వెంటనే నాకు ఫోను. “పిన్నిగారూ, అమ్మ రిపోర్టులో ఎం-స్పైక్ అని రాశారు, క్యాన్సరేనా?” ఈ ప్రశ్నకి జవాబు మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో దొరుకుతుంది. అక్కడి మేయో క్లినిక్‌లో రాబర్ట్ కైల్ స్పైక్ ఉండీ మైలోమా గానీ దాని బంధుజబ్బులు గానీ లేని 241 మందిని ఏళ్ళ తరబడి గమనించి 1978లో ప్రచురించాడు. స్వీడన్‌లో వాల్డెన్‌స్ట్రోమ్ అంతకుముందు దీన్ని నిరపాయమన్నాడు. కొందరిలో అది మైలోమాగా మారడం చూసిన కైల్ ఆ మాట ఒప్పుకోలేదు. అర్థం ఇంకా తేలనిది అని పేరుపెట్టాడు, అదే ఎంగస్. 2002లో 1,384 మంది లెక్క తీస్తే, మైలోమాకో దాని బంధుజబ్బులకో మారేది ఏడాదికి సుమారు 1 శాతం. 2006లో రోచెస్టర్ ఉన్న ఓమ్‌స్టెడ్ కౌంటీలో 50 ఏళ్ళు దాటినవాళ్ళలో 3.2 శాతం మందికి ఎంగస్ ఉందని తేలింది. అందుకే ఫోనులో కంగారు పడొద్దంటాను, ఏటా పరీక్ష మాత్రం మానొద్దంటాను.

2015 నవంబరులో అమెరికా ప్రభుత్వం మైలోమాకి డారాటుముమాబ్‌ని ఆమోదించింది. ప్లాస్మా కణం ఒంటిమీదుండే సీడీ38 అనే ప్రోటీన్‌ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ ఇది. రోగంలోంచి నేర్చుకున్న విద్య రోగం మీదికే వచ్చిందని సంతోషించాం, మా బల్ల దగ్గర మాత్రం గొడవ మొదలైంది. మందు కూడా ఒకే రకం యాంటీబాడీ కాబట్టి అదీ చిన్న స్పైక్‌గా కనబడుతుంది. జబ్బు మిగిలిందో, మందు మిగిలిందో ఆ గీత చెప్పదు. బ్లడ్ బ్యాంకులో అంతకన్నా ఇబ్బంది. ఎర్రకణాల మీద కూడా కాస్త సీడీ38 ఉంటుంది, దానికి మందు అంటుకుని ఏ దాత రక్తమూ కలవనట్టే కనిపిస్తుంది. డీటీటీ అనే రసాయనంతో పరీక్షకు వాడే కణాలను ముందే శుభ్రం చేస్తే సరిపోతుందని బోస్టన్ వాళ్ళు అదే ఏడు చూపించారు. ఇప్పుడు డారా మొదలుపెట్టకముందే రోగి రక్తం గ్రూపు పూర్తిగా తేల్చి పెట్టుకోవడం ఆనవాయితీ. అలా చేయని నమూనా వచ్చిందంటే వార్డుకి ఫోన్ చేసి, ఏ మందు మీద ఉన్నారని నర్సుని అడగాల్సిందే.