సభాస్థలం, ఆస్తి, వారసత్వం: తొలి క్రైస్తవానికి దక్కిన రాజగుర్తింపు, హోసూరు సీమ నుంచి ఒక పరిశీలన

క్రీ.శ. 312 అక్టోబరు 28న రోము నగరం వెలుపల మిల్వియన్ వంతెన దగ్గర చక్రవర్తి కాన్‌స్టాంటైన్ గెలిచాడు. యుద్ధానికి ముందు ఆయనకు సిలువ గుర్తు కనిపించిందన్న కథనం ప్రసిద్ధం. హింసల పాలైన క్రైస్తవం రాజాదరణకు ఎలా నోచుకుందో చెప్పేటప్పుడు చాలామంది ఆ దర్శనం దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఒక మతాన్ని రాజ్యం ఒప్పుకుందా లేదా అన్నది రాజు భక్తిని బట్టి తేలదనీ, ఆ మతస్థుల సభాస్థలాలూ ఆస్తులూ వారసత్వాలూ ఏమయ్యాయో చూస్తేనే తేలుతుందనీ ఈ వ్యాసం వాదన. ఈ కొలత రోముకూ, తమిళనాడులో సూళగిరి ఉన్న హోసూరు సీమకూ కూడా సరిపోతుంది.

క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లీనీ, క్రైస్తవులను ఏం చేయాలని ట్రాజన్ చక్రవర్తిని అడిగాడు. వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఫిర్యాదులు తీసుకోవద్దు, నేరం రుజువై మొండికేస్తే మాత్రం శిక్షించమని జవాబు వచ్చింది. అంటే వారిని వెతకరు, వారికి రక్షణా ఉండదు. ఆ సందిగ్ధంలోనే నూటపాతికేళ్లకు పైగా గడిచాయి. 250లో డేసియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలన్నాడు. అలాంటి పత్రాలు నలభైకి పైగా ఈజిప్టు ఇసుకలో దొరికాయి. 257లో వలేరియన్ సభలనూ శ్మశానవాటికలకు వెళ్లడాన్నీ నిషేధించాడు. మరుసటి ఏడు పైవర్గాల క్రైస్తవుల ఆస్తుల జప్తుకు ఆజ్ఞ ఇచ్చాడు. 260లో ఆయన కొడుకు గాలియెనస్ ఆ స్థలాలను తిరిగి ఇప్పించాడు.

పరిశోధకులు ఇంకా లోతుగా చూడవలసిన ఘట్టం అంతియొకయ నగరానిది. పదవి పోయిన పీఠాధిపతి సమోసటా పౌలు సంఘ భవనం ఖాళీ చేయనన్నాడు. తగాదా 272 ప్రాంతంలో ఆరేలియన్ చక్రవర్తి ముందుకు వచ్చింది. ఆయన క్రైస్తవుడు కాడు, సూర్యారాధకుడు. అయినా ఇటలీ, రోము పీఠాధిపతులు ఎవరితో ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుతారో భవనం వారిదేనని తీర్పు చెప్పాడు. సంఘానికి ఆస్తి ఉండవచ్చని చక్రవర్తే ఒప్పుకున్నట్టయింది. అప్పటికి కాన్‌స్టాంటైన్ పసివాడో, ఇంకా పుట్టనే లేదో.

303లో డయోక్లీషియన్ హింస కూడా నికోమీడియా చర్చిని కూల్చడంతోనే మొదలైంది. 311లో గలేరియస్ చక్రవర్తి మరణశయ్య మీద హింసను ఆపుతూ శాసనం ఇచ్చాడు. మనం ‘మిలాన్ శాసనం’ అనేది నిజానికి 313 జూన్ 13న కాన్‌స్టాంటైన్ సహచక్రవర్తి లిసీనియస్ నికోమీడియాలో ప్రకటించిన లేఖ. అందరికీ మతస్వేచ్ఛ అన్న మాటతో పాటు, తీసుకున్న స్థలాలను సొమ్ము అడగకుండా సంఘాలకు అప్పగించాలనీ, కొనుక్కున్నవారు నష్టపరిహారం కోసం అధికారులను ఆశ్రయించాలనీ అందులో ఉంది. 321లో చర్చికి వీలునామా రాసే హక్కు వచ్చింది. థియోడోసియస్ 380లో ఇచ్చిన ఆజ్ఞ మరో దారి. అక్కడ అంగీకారం నిర్బంధమైంది. 313నీ 380నీ ఒకే గెలుపుగా చెప్పడం తప్పు.

ఇప్పుడు మన సీమ. దీన్ని ఏలిన టిప్పు సుల్తాన్ 1784లో మంగళూరు క్రైస్తవుల చర్చిలను కూల్పించి, భూములు జప్తు చేసి, వారిని శ్రీరంగపట్టణానికి నడిపించాడు. 1799లో టిప్పు యుద్ధంలో చనిపోయాడు. హోసూరు సీమ ఆ ఏడే ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మిగిలిన క్రైస్తవులను కూడగట్టేందుకు ఫ్రెంచి మతగురువు ద్యుబ్వా శ్రీరంగపట్టణం చేరాడు. పాలకుడు క్రైస్తవుడయ్యాడు గనుక కష్టాలు తీరాయనుకుంటాం. జరిగింది అది కాదు. 1813 దాకా మిషనరీల రాకకు కంపెనీ తరచూ అడ్డుపడింది. 1816 మద్రాసు నిబంధన జిల్లా మునసబు పదవిని హిందువులకూ ముస్లిములకూ పరిమితం చేసింది. కంపెనీ పాలకులది క్రైస్తవమే, ఆ మతంలో చేరిన మన రైతుకు మాత్రం ఆ పదవి లేదు. ధర్మశాస్త్రం లెక్కన మతం మారినవాడు పతితుడు, పిత్రార్జితంలో భాగం పోతుంది. తల్లిదండ్రులూ అన్నదమ్ములూ వెలివేయడం కంటే ఇదే ఎక్కువమందిని వెనక్కి లాగి ఉంటుందని నా అభిప్రాయం. ఆ అడ్డు 1850 నాటి 21వ చట్టంతో తొలగింది.

ఆ తరువాతి మలుపు బళ్లారిది. అక్కడి దేశీయ క్రైస్తవ వ్యాపారి మాథ్యూ అబ్రహాం 1842లో వీలునామా రాయకుండా చనిపోయాడు. మనది అవిభక్త కుటుంబం, నాకూ వాటా ఉందని తమ్ముడు ఫ్రాన్సిస్, కాదని భార్య షార్లెట్ కోర్టుకెక్కారు. 1863లో ప్రివీ కౌన్సిల్, మతం మారినవాడు పాత ధర్మాన్ని వదులుకోవచ్చు, ఉంచుకోనూవచ్చు, బతుకుతీరును బట్టి నిర్ణయించాలంది. ఈ కుటుంబానికి హిందూ అవిభక్త కుటుంబ న్యాయం వర్తించదని తేల్చింది. 1865లో వారసత్వ చట్టమే వచ్చింది. 313కూ 321కీ మన దగ్గర సాటివచ్చేవి 1850, 1863, 1865 నాటి ఈ నిర్ణయాలే. 380కి మాత్రం సాటి లేదు. 1858 ప్రకటనలో విక్టోరియా రాణి తన మతాన్ని ప్రజల మీద రుద్దనని చెప్పింది.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవంలో చేరిన దళితుడు ఆ హోదా కోల్పోతాడు. ఊళ్లో అతణ్ని చూసే చూపు మాత్రం మారదు. ఈ వ్యాసం చెప్పిన కొలతను హోదాకూ వర్తింపజేస్తే రాజ్యం ఇచ్చిన అంగీకారం అసంపూర్ణమే.

చక్రవర్తుల ఆజ్ఞలు ఆనాటి క్రైస్తవ రచయితలు యూసేబియస్, లాక్టాంటియస్‌ల గ్రంథాల్లో నిలిచాయి. మన వైపు సాక్ష్యం ఇళ్లలోని కాగితాల్లో ఉంది. సూళగిరి, హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి తాలూకాల్లో తెలుగు కుటుంబాల దగ్గర, చర్చిల దగ్గర పాత భాగపరిష్కార పత్రాలు, వీలునామాలు, స్థలం దస్తావేజులు ఉంటే పారేయవద్దు. నకళ్లు తీయించి పరిశోధకులకు అందించండి.