పట్టము తరువాతి సంవత్సరము

వైద్యులు కొరవడిన ప్రాంతముల పిల్లలకై 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను పిల్లల వైద్యుడు కలసి "నర్సు ప్రాక్టీషనరు" శిక్షణ ప్రారంభించిరి. ఇట్టి నర్సు రోగిని స్వయముగా పరీక్షించి, చికిత్స నిర్ణయించును.

అయితే పట్టముతోనే ఆ ధైర్యము వచ్చునా? మామూలు నర్సులు సైతము చదువుకును, ఆసుపత్రి వాస్తవమునకును గల అంతరమునకు తల్లడిల్లి వృత్తినే విడుచుచున్నారని 1974లో మార్లీన్ క్రేమర్ తన గ్రంథమున చూపిరి.

వైద్యులకు పట్టము తరువాత పెద్దల పర్యవేక్షణలో పనిచేయు ఏర్పాటు చిరకాలముగా గలదు. నర్సు ప్రాక్టీషనర్లకది 2007లో గాని రాలేదు. ఆ యేట కనెక్టికట్ రాష్ట్రమున మార్గరెట్ ఫ్లింటర్ 12 నెలల శిక్షణ నెలకొల్పిరి. కొత్తవారు రోగులను తామే చూతురు; సందేహము తీర్చుటకు అనుభవజ్ఞులు చెంతనే యుందురు.

ఈత నేర్చినవాడైనను తొలిసారి ఏటిలో దిగునాడు ఒడ్డున ఒకరుండవలెను గదా!