పరాయి సీమ కాపరి: డోర్నకల్ పాఠం

తాను పడని కష్టానికి ఒకరు ఓదార్పు చెప్పగలరా? సంసారం ఎరుగని సన్న్యాసి సంసారికి, ఆకలి తెలియని గురువు కూలివానికి ఏం చెబుతారన్నది పాత సందేహమే. దీన్ని పరిశీలించడానికి తెలుగునాట డోర్నకల్ చరిత్ర ఉపకరిస్తుంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టారు. మాతృభాష తమిళం, తండ్రి క్రైస్తవ గురువు. 1903లో అక్కడ ఏర్పడిన ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఆయన ఒకరు. ఆ సంస్థ తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో అజరయ్య అక్కడికి గురువుగా వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఆయన కాపరిగా ఉన్న సంఘంలో అత్యధికులు మాల, మాదిగ వాడల కూలీలు, పాలేళ్లు. అజరయ్య పుట్టిన నాడార్ కులానికీ ఆ రోజుల్లో ఆలయ ప్రవేశం లేదు. అయినా చదువుకున్న ఇంటి బిడ్డకు తెలంగాణ వెట్టిచాకిరి స్వానుభవం కాదు. పెత్తనం మాత్రం ఆయనకు బాగా తెలుసు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయ సహచరులను సమానులుగా చూడడం లేదనీ, వారి త్యాగంతోపాటు స్నేహం కూడా కావాలనీ నిర్మొహమాటంగా చెప్పినవారు ఆయనే. రెండేళ్లకు తానే పై పీఠంపై కూర్చున్న పరాయివారయ్యారు.

ఆయన మొదట తెలుగు నేర్చుకున్నారు. ఎద్దుబండిపై ఊరూరా తిరిగారు. అయితే అంతటితో సరిపోతుందని అనుకోలేదు. ఆ వాడల నుంచే యువకులను ఉపదేశులుగా, గురువులుగా తయారుచేశారు. వారితోపాటు వారి భార్యలకూ శిక్షణ ఇప్పించారు. బిషప్‌కు చెప్పుకోలేని మాట ఒక ఇల్లాలు మరో ఇల్లాలికి చెప్పుకుంటుంది గదా!

ఇక్కడ మరో చిక్కు ఉంది. ఒకే అంటరానితనాన్ని అనుభవించిన మాల, మాదిగల మధ్య కూడా అంతరాలుండేవి. మాల గురువు మాదిగ వాడకు వెళితే అనుభవం ఉమ్మడిదే అయినా నమ్మకం దానంతట అది రాదు. కనుక సమానానుభవం ఉంటే మేలే గాని అదొక్కటే అర్హత కాదు. అది లేనివారు వినడం నేర్చుకోవాలి. తమకు అందని చోట ఆ అనుభవం ఉన్నవారికి బాధ్యత అప్పగించాలి.

భాషాశాస్త్ర విద్యార్థిగా నాకు ఇందులో భాష పాత్ర ముఖ్యంగా కనిపిస్తుంది. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో బడిభాష ఒకటి, ఇంటిభాష ఒకటిగా పెరిగిన మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. దుఃఖంలో మనిషి ఇంటిభాషలోకే వెళతాడు. అది తెలియని గురువు గుమ్మం బయటే ఉండిపోతాడు. తెలిసినంత మాత్రాన ఆ ఇంటివాడైపోడు. లోపలికి పిలిస్తే వెళ్లి కూర్చోగలడు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన సమాధి తిరునెల్వేలిలో లేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథీడ్రల్ ఆవరణలో ఉంది.