ఖుఐతీ రాజ్యం: హద్రమౌత్, హైదరాబాదు

యెమెన్ తూర్పు ప్రాంతమైన హద్రమౌత్‌లో తీరాన్నీ, లోయలో కొంత భాగాన్నీ 1967 దాకా ఏలినది ఖుఐతీ వంశం. ముకల్లా దాని రాజధాని. ఈ చరిత్రను బ్రిటిష్ సామ్రాజ్య విస్తరణలో భాగంగా చెప్పడం రివాజు. కాని అక్కడి అధికార పోరులో బయటి బలం మొదట వచ్చింది హైదరాబాదు నుంచే. నిజాం కొలువులో అరబ్బు సిపాయిలకు జమేదారుగా ఉన్న ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ, ఇక్కడ కూడబెట్టిన సొమ్మును అక్కడి యుద్ధాలకు ఖర్చుపెట్టాడు. ఆయన వర్గం 1858లో షిబామ్‌ను, 1867లో షిహ్ర్ రేవును పట్టుకుంది. ప్రత్యర్థి ఘాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ కూడా హైదరాబాదు జమేదారే. ఇద్దరి తగాదాకూ పెట్టుబడి ఒకే కొలువు నుంచి వెళ్లింది.

వీళ్లు అరబ్బులే కదా, దీన్ని విదేశీ జోక్యం అనవచ్చా అన్న ప్రశ్న సహజం. నిజాం ప్రభుత్వం దండెత్తలేదన్నది నిజమే. అయినా యుద్ధం నడిపించిన ధనం దక్కన్‌ది. జమేదార్లను అదుపులో పెట్టమని బ్రిటిష్ అధికారులు దివాను సాలార్‌జంగ్‌పై ఒత్తిడి తేవడమే ఇందుకు సాక్ష్యం. 1839లోనే ఏడెన్‌ను ఆక్రమించిన బ్రిటిష్‌వారిదే అసలు పాత్ర అనేవారూ ఉన్నారు. ముకల్లా విషయంలో అది చెల్లుతుంది: 1881లో అది బ్రిటిష్ నౌకాబలం అండతోనే ఖుఐతీల వశమైంది. షిబామ్, షిహ్ర్ మాత్రం అంతకుముందే చేజిక్కాయి. బ్రిటిష్‌వారు అప్పటికే బలపడిన పక్షాన్ని చేరదీసి, 1888లో రక్షిత రాజ్య ఒప్పందం కుదుర్చుకున్నారు. 1937 ఒప్పందంతో సుల్తాను పక్కన తమ సలహాదారుణ్ణి కూర్చోబెట్టారు. ఆ పదవి చేపట్టిన హెరాల్డ్ ఇంగ్రామ్స్ తెగల మధ్య సంధి కుదిర్చాడు. లొంగనివారిపై విమానాలు బాంబులు వేశాయి.

రాజ్యం పుట్టుకనే కాక పతనాన్నీ బయటి అండపై ఆధారపడటమే వివరిస్తుంది. 1948 పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. చాలామంది అరబ్బులను తిరిగి పంపేశారు. దాంతో హైదరాబాదు ఆసరా పోయింది. మిగిలిన బ్రిటిష్ అండ కూడా సడలగానే 1967 సెప్టెంబరులో జాతీయవాద సంస్థ నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ ముకల్లాను స్వాధీనం చేసుకుంది. నవంబరు 30న దక్షిణ యెమెన్ స్వతంత్రమైంది. జాతీయవాద వెల్లువే రాజ్యాన్ని కూల్చిందన్న వాదనలో బలముంది. అయితే ఆ వెల్లువను తట్టుకునే సొంత రాబడి, సొంత ప్రజాబలం సుల్తానుకు లేకపోవడానికి మూలం పరాయి అండతో సాగిన పాలనే. 2015లో అల్‌ఖైదా చేతికి చిక్కిన ముకల్లాను మరుసటి ఏడాది విడిపించినదీ ఎమిరేట్స్ అండ ఉన్న బలగాలే. అండనిచ్చే దేశాలు మారాయి గాని, బయటి డబ్బుతో, బయటి ఆయుధాలతో అధికారం నిలబెట్టే పద్ధతి మారలేదు.