వెదురు తుపాకులు, నీరయ్యే తూటాలు

1900 మే నెల. అప్పటి విశాఖపట్నం జిల్లా కొండల్లో కొర్రవానివలస అనే ఊళ్లో నాలుగైదు వేల మంది చేరారు. ఆ ఊరి కొర్ర మల్లయ్య పాండవుల్లో ఒకడై మళ్లీ పుట్టాడనీ, పసివాడైన అతని కొడుకు సాక్షాత్తూ కృష్ణుడనీ చెప్పుకున్నారు. దొరలను తరిమి తానే రాజ్యమేలతానన్నాడు మల్లయ్య. మరి ఆయుధాలు? వెదుళ్లు నరికారు, కొన్నిటిని తుపాకుల్లా చెక్కారు. మంత్రబలంతో అవి నిజం తుపాకులవుతాయి, సర్కారువారి ఆయుధాలు నీరైపోతాయి. వెదుళ్లు పట్టినవాళ్లచేత కవాతు కూడా చేయించారు. ఆ నెలలోనే ఒక తెల్లవారుజామున రిజర్వు పోలీసులు మీదపడ్డారు. కాల్పుల్లో 11 మంది పోయారు.

తూటాలకు లొంగని సూపర్‌మ్యాన్ అమెరికాలో అచ్చయింది 1938లో. బొమ్మల కథల్లో జనానికి ఆకాశంకేసి చూడటం తప్ప పెద్ద పనుండదు. ఈ కొండల్లో, మన్యంలో అలా కాదు, వీరుణ్ని నమ్మడమంటే వాడికి తిండి పెట్టాలి, దారి చూపాలి, పోలీసులడిగితే తెలియదనాలి.

మల్లయ్య గుంపు చెదిరిన 22 ఏళ్లకు గూడెం కొండల్లో ఆ నమ్మకం మళ్లీ లేచింది. ఈసారి వచ్చినవాడు పాండ్రంగిలో పుట్టిన పాతికేళ్ల సన్యాసి, అల్లూరి సీతారామరాజు. కల్లు మానమన్నాడు, తగాదాలు కోర్టుకెక్కకుండా పంచాయతీలో తేల్చుకోమన్నాడు. అడవి చట్టాలతో పోడు సాగుకు అడ్డుపడింది సర్కారు. చింతపల్లి రోడ్డు పనిలో చాలీచాలని కూలి ఇచ్చి గొడ్డుచాకిరీ చేయించుకున్నాడు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. ఆ స్వామికి తూటా తగలదన్న మాట గూడేలకు పాకడానికి అంతకన్నా ఏం కావాలి?

కానీ రాజు వెదుళ్లతో ఆగలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. మూడు రోజుల్లో 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు. ఏమేం తీసుకున్నాడో స్టేషను డైరీలో రాసి సంతకం పెట్టాడు. మహిమలున్న వీరులెవరూ రసీదు రాసినట్టు నేను ఏ పురాణంలోనూ చదవలేదు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనకొచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలనే కాల్చారు. తెల్లవాడినే వెతుక్కుంటూ పోయే తూటా! నా మటుకు నాకు మన్యం నమ్మకాల్లో అతి గట్టిది ఇక్కడే పుట్టిందనిపిస్తుంది. గురి చూసి కాల్చడం, ఎవరిని వదలాలో ముందే అనుకోవడం తప్ప ఇందులో మంత్రమేమీ లేదు. అయినా ఆ కబురు విన్న సిపాయికీ, గూడెంలో ముసలమ్మకూ అది మహిమే. సర్కారు చివరికి అస్సాం రైఫిల్స్‌ను దించాల్సి వచ్చింది.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. అయినా ఆయన చావలేదనీ, ఎక్కడో తపస్సులో ఉన్నాడనీ అనుకునేవాళ్లు చాలాకాలం ఉన్నారు.

రాజు పక్కన పోరాడిన గాం మల్లుదొర పట్టుబడ్డాడు, శిక్ష అనుభవించాడు. తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఈసారి జనం ఆయనకు ఇచ్చింది ఓట్లు.