బాలమురళి కచేరీ

వేకువనే భక్తిరంజని వినుచు దినచర్యకు ఉపక్రమించిన తెలుగు ఇండ్లలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠము నెరుగని ఇల్లు అరుదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రమున ఆయన పనిచేసిన కాలముననే ఆ కార్యక్రమమునకు పేరు వచ్చినది. రామదాసు కీర్తన పాడిన ఆ గొంతు మనకు మొదట ఇంటి గొంతు. కచేరీ గొంతు ఆ తరువాతిది. అయినను సంగీతజ్ఞులలో ఆయనను గూర్చి ఒక సందేహము చిరకాలము వినబడుచుండెను. ఇన్ని విద్యలు చేపట్టినవాడు దేనియందైనను నిలువగలడా యని. దానిని కొంచెము విచారింతము.

ఆయన 1930 జూలై 6న తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తమున జన్మించిరి. తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. బిడ్డ పుట్టిన కొలదికాలమునకే గతించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు కుమారుని పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారికి అప్పగించిరి. పంతులుగారు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి శిష్యులు. శాస్త్రిగారు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శిష్యులు. ఆయన సాక్షాత్తు త్యాగరాజస్వామి శిష్యులు. ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడ త్యాగరాజారాధనలో పూర్తి కచేరీ చేసిన మురళీకృష్ణునకు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ 'బాల' యను మాటను చేర్చిరట. ఎనుబదియేండ్లు దాటినను ఆ మాట ఆయనను వీడలేదు!

డెబ్బదిరెండు మేళకర్తలలోను ఆయన కీర్తనలు రచించిరి. ఆ కృతులు 1952లో 'జనకరాగమంజరి' పేర వెలువడినవి. వయోలిన్, వయోలా, మృదంగము, కంజిర ఆయన చేతికి లొంగినవి. ఇది వినోదమని కొందరు తలచిరి. మేమట్లు తలపము. మృదంగమును తానే వాయించినవాడు స్వరకల్పన సాగించునప్పుడు తాళమును వెలుపలనుండి లెక్కించుకొననక్కరలేదు. ఆయన స్వరములు ఎంత చిక్కుగా అల్లినను ఎత్తుగడకు అలవోకగా వచ్చి చేరుట వినినవారికి ఇది తెలియును. మంద్రస్థాయిలో ఆయన నాదమునకు వయోలాతోడి చుట్టరికము కలదని మా ఊహ. ఒక్కొక్కప్పుడు ఆ మంద్రముతో ఆయన ఆటలాడుట అతిగా తోచిన కచేరీలును లేకపోలేదు.

పెద్ద తగవు రాగముల విషయమున వచ్చినది. ఐదు స్వరములకు తక్కువైనది రాగము కానేరదని సామాన్యముగా నమ్ముచుండగా, ఆయన నాలుగు స్వరములతో మహతి, లవంగి, సుముఖము పాడిరి. మహతికి స, గ, ప, ని చాలును. ఇవి నూతనసృష్టి యనుటను వైణికులు ఎస్. బాలచందర్ బహిరంగముగా ఆక్షేపించిరి. ఎవరు ముందన్న వాదమునకు మా చెవిలో విలువ తక్కువ. నాలుగు స్వరములతో రూపము నిలుచునా, నిలువదా? మహతి పాడుచుండగా వినిన శ్రోత నిలుచుననియే చెప్పును.

1967 నాటి 'భక్తప్రహ్లాద'లో నారదుడుగా నటించిరి. 'హంసగీతె'లోని గానమునకు 1975 జాతీయ పురస్కారము, 'మధ్వాచార్య' సంగీతమునకు 1986 పురస్కారము లభించినవి. భీమ్‌సేన్ జోషీగారితో జుగల్‌బందీలు పాడిరి. 1978లో సంగీతకళానిధి, 1991లో పద్మవిభూషణ్ వచ్చినవి.

2016 నవంబరు 22న ఆయన చెన్నైలో కన్నుమూసిరి. ఆయన తిల్లానాలు మాత్రము ఇతరుల కచేరీల చివర, నర్తకీమణుల గజ్జెలతోడను నేటికిని వినబడుచున్నవి. కదనకుతూహలమందలి తిల్లానాను ఎత్తుకొనిన గాయకునకు ఊపిరి నిలుపుకొనుటయే ఒక పరీక్ష.